ముక్తా సాల్వేకి ఎంట్రీ ఫారం ఎవరిచ్చారు?

టిటాగఢ్ జూట్ మిల్లు లైన్లలో ఆదివారం పొద్దున పది దాటితే కుళాయి దగ్గర రద్దీ తగ్గుతుంది. అప్పుడు పిల్లలు పుస్తకాలు పట్టుకుని వస్తారు. నేను కోల్‌కతాలో పరిశోధక విద్యార్థిని. రెండేళ్లుగా అక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇంగ్లిష్, తెలుగు చెబుతున్నాను. వాళ్ల ముత్తాతలు శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి నారమిల్లుల్లో కూలికి వచ్చినవాళ్లు. ఇళ్లలో మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ, బడిలో బంగ్లా. ఇంగ్లిష్ మాత్రం పరీక్ష పేపర్లోనే ఎదురవుతుంది.

పోయిన ఏడాది ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె మడత పెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘అక్కా, ఇది మనలాంటోళ్లకి కూడానా?’ అని అడిగింది. హైస్కూల్ విద్యార్థులకి జర్నలిజం పోటీ అని అందులో ఉంది. ఎనిమిది వందల పదాల రిపోర్ట్ రాయాలి. గెలిచినవాళ్లకి సర్టిఫికెట్, నగదు బహుమతి, ఒక న్యూస్‌రూమ్‌లో వారం రోజులు కూర్చునే అవకాశం. విషయం ‘నా ఆనంద నగరం’.

ఆ పోటీ పెట్టిన సంస్థ పేరు నేను చెప్పను. భయపడి కాదు. ఇది ఒక్క సంస్థ తప్పే అయితే ఈ వ్యాసం అవసరమే లేదు. ఆ కాగితంలో ఉన్న నియమాలు మన దేశంలో ఏ నగరంలో, ఏ స్కూల్ నోటీసు బోర్డు మీద చూసినా దాదాపు అవే.

‘మనలాంటోళ్లకి కూడానా?’ అన్న ప్రశ్నకి ఆ రోజు నేను వెంటనే ‘అవును’ అన్నాను. ఆ అవును ఎంత అబద్ధమో తర్వాత తెలిసింది.

ఆ పిల్ల ఏం రాసిందో ముందు చెప్పాలి. కుల ధృవీకరణ పత్రం గురించి రాసింది. వాళ్ల అన్నకి స్కాలర్‌షిప్ కోసం సర్టిఫికెట్ కావాలి. ఇక్కడి ఆఫీసుకి వెళితే మీ మూలం ఆంధ్ర, అక్కడే తెచ్చుకోండి అన్నారు. తండ్రి రైలెక్కి ఊరికి వెళితే, మీరు ఈ ఊళ్లో ఉండటం లేదు కదా, మిమ్మల్ని మాకు ఎలా తెలుసు అన్నారు. తిరిగి ఇక్కడికొస్తే 1950కి ముందు నుంచి ఇక్కడే ఉన్నట్టు కాగితం చూపమన్నారు. ముత్తాత మిల్లులో చేరిన కాగితం ఎవరి దగ్గరుంటుంది? మిల్లు చేతులు మారింది, రిజిస్టర్లు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. ఆ పిల్ల తన ఇంటితో ఆగలేదు. లైన్లో ఆరు ఇళ్లు తిరిగింది. ఎవరు ఏ తేదీన ఏ ఆఫీసుకి వెళ్లారు, ఎన్ని రోజుల కూలి పోయింది, ఎవరు ఏమని తిప్పి పంపారు, అంతా నోట్‌బుక్‌లో పట్టిక గీసి రాసింది.

దీని వెనక ఉన్న చట్టం ఆ పిల్లకి తెలీదు. చదువరులకి తెలియాలి. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం షెడ్యూల్డ్ కులం అనేది ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ మాత్రమే. 10 ఆగస్టు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి ఎవరు ఎక్కడ స్థిరపడి ఉన్నారన్నది గీత. ఆ తేదీకి ఇక్కడున్నట్టు రుజువు చేసుకోవాలి. చేసుకున్నా, ఆ కులం పేరు ఈ రాష్ట్రపు జాబితాలో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగకి చెందిన మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లి, అక్కడ మెడికల్ సీటు అడిగితే కుదరదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2018 ఆగస్టులో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే గీతను మళ్లీ గీసింది. రాష్ట్ర సరిహద్దు దాటితే రిజర్వేషన్ ఆగిపోతుంది. కులం మాత్రం అదే రైల్లో, అదే బోగీలో పక్కన కూర్చుని వస్తుంది. మిల్లు లైన్లో ఎవరి ఇంట్లో ఎవరు నీళ్లు తాగరో ఆ పిల్లకి ఏ రాష్ట్రపతి ఉత్తర్వూ చెప్పనక్కర్లేదు.

ఇంత పెద్ద వార్తని పద్నాలుగేళ్ల పిల్ల ఆరు ఇళ్లు తిరిగి పట్టుకుంది. నేను ఇంగ్లిష్‌లోకి మార్చడానికి సాయం చేశాను. మాటలు నావి కొన్ని ఉండొచ్చు. వార్త పూర్తిగా ఆమెది.

ఎంట్రీ బడి ద్వారానే వెళ్లాలి. బడి పెద్దల సంతకం, ముద్ర కావాలి. ఆ పిల్ల కాగితాలు ఇచ్చింది. వారం తర్వాత తిరిగి వచ్చాయి. మూడు మాటలు చెప్పారట. ఇది రాజకీయం అన్నారు. బెంగాల్లో కులం ఎక్కడుంది అన్నారు. ట్రాముల గురించో, దుర్గాపూజ పందిళ్ల గురించో రాస్తే పంపుతాం అన్నారు. చివరి తేదీకి నాలుగు రోజులుంది. ఆ పిల్ల ఎప్పుడూ ట్రాము ఎక్కలేదు. టిటాగఢ్‌కి లోకల్ రైలే.

వాళ్లమ్మ నన్ను అడిగింది: ‘మా పిల్ల అబద్ధం ఏటైనా రాసినాదా అమ్మా?’

లేదు. అబద్ధం రాయలేదు. అందుకే వెళ్లలేదు.

‘ఆనంద నగరం’ అన్న పేరు ఎక్కడిదో ఒకసారి గుర్తు చేసుకోండి. 1985లో వచ్చిన డొమినిక్ లాపియెర్ నవల పేరు అది. ఆ నవల నడిచేది హౌరా మురికివాడలో, రిక్షా లాగేవాళ్ల మధ్య. ఆ పేరుని నగరం కిరీటంలా పెట్టుకుంది. పేరు వచ్చిన వాడని మాత్రం పోటీలోకి రానివ్వదు.

ఇక ‘బెంగాల్లో కులం ఎక్కడుంది’ అన్న ప్రశ్న. ఇది అమాయకంగా వినిపిస్తుంది, కానీ ఇదో పాత తాళం. 2011 జనాభా లెక్కల ప్రకారం పశ్చిమ బెంగాల్లో షెడ్యూల్డ్ కులాలవాళ్లు రెండు కోట్లకి పైగా ఉన్నారు, రాష్ట్ర జనాభాలో దాదాపు నాలుగో వంతు. 1946లో రాజ్యాంగ సభకి వెళ్లే దారులన్నీ మూసేసినప్పుడు బాబాసాహెబ్‌ని గెలిపించి పంపింది జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరులైన బెంగాల్ దళిత శాసనసభ్యులు. 1992 ఆగస్టులో లోధా శబర సముదాయం నుంచి మొదటి మహిళా పట్టభద్రురాలైన చుని కోటాల్, విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో కుల అవమానాలు భరించలేక ప్రాణం తీసుకుంది. రోహిత్ వేములకి ఇరవై మూడేళ్లకి పైగా ముందు. హైదరాబాద్‌లో మనం రోహిత్ పేరుతో నినాదం ఇచ్చినప్పుడు, చుని పేరు మనలో ఎంతమందికి తెలుసు? తెలియకపోవడం మన తప్పు కొంత. ఆ పేరుని రోజూ రాయని పత్రికల తప్పు చాలా.

1780 జనవరి 29న హిక్కీ బెంగాల్ గెజెట్ ఇక్కడే పుట్టిందని, దేశపు మొదటి వార్తాపత్రిక తమదేనని కోల్‌కతా గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవచ్చు. కానీ దాదాపు రెండున్నర శతాబ్దాల పత్రికా చరిత్ర ఉన్న నగరంలో ఒక బడి, కులం గురించి వార్త రాసిన పిల్లకి ‘ట్రాముల గురించి రాయి’ అని చెప్పిందంటే, ఆ చరిత్ర ఎవరి కోసం నడిచిందో తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు నియమాలు ఒక్కొక్కటీ చూద్దాం. ఒక్కటి కూడా కులం పేరెత్తదు. ఎత్తాల్సిన అవసరం లేదు కాబట్టి.

మొదటిది భాష. రాతలు ఇంగ్లిష్‌లో ఉండాలి. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక్ పరీక్షలో తెలుగుని ప్రథమ భాషగా రాయొచ్చు. ఉర్దూ, సంతాలీ, నేపాలీ, హిందీ, ఒడియా కూడా రాయొచ్చు. 2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ఏళ్ల నాటి డిమాండ్ అది. అంటే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడానికి పనికొచ్చే భాష, పదో తరగతి పాసవడానికి పనికొచ్చే భాష, పిల్లల వార్త రాయడానికి మాత్రం పనికిరాదు. ఇంగ్లిష్ వద్దని నేను అనడం లేదు. ఇంగ్లిష్ మనకి కావాలి, పట్టుబట్టి నేర్చుకోవాలి. కానీ ఇంగ్లిష్ రాకపోతే వార్త రాదనడం వేరు.

రెండోది దారి. బడి ద్వారా మాత్రమే. వార్త బడి గురించే అయితే? మధ్యాహ్న భోజనంలో ఎవరిని విడిగా కూర్చోబెట్టారో, మరుగుదొడ్డి ఎవరి చేత కడిగించారో రాయాలనుకుంటే? ఎవరి మీద రాయాలో వాళ్ల ముద్రతోనే పంపమనడం. ఇది సెన్సార్‌షిప్. అమెరికాలో 1988లో హేజల్‌వుడ్ కేసులో, హైస్కూల్ పత్రికలో పేజీలు తీసేసే అధికారం ప్రిన్సిపాల్‌కి ఉందని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద అక్కడ ఇప్పటికీ కొట్లాడుతున్నారు, కొన్ని రాష్ట్రాలు విద్యార్థి పత్రికలకి రక్షణగా చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర కొట్లాటే లేదు. పేజీ తీసేయడానికి ముందు పేజీ ఉండాలి కదా.

మూడోది డబ్బు, యంత్రం. ప్రవేశ రుసుము, టైపు చేసిన కాపీ, ఫొటోలు, ఆన్‌లైన్ ఫారం. ఒక ఫోను మీద నలుగురు చదువుకునే ఇంట్లో ఇవన్నీ ఎంత ఖర్చో లెక్క వేసినవాళ్లు ఆ కమిటీలో లేరు.

నాలుగోది అన్నిటికన్నా నాజూకైనది. ‘సానుకూల దృక్పథం’, ‘నిష్పాక్షికత’. ట్రాము గురించి రాస్తే నిష్పాక్షికం. సర్టిఫికెట్ గురించి రాస్తే రాజకీయం. పూజా పందిరి సంస్కృతి. ఆ పందిరి దగ్గర చెత్త ఎత్తేవాళ్ల కులం రాస్తే ద్వేషం. తన బతుకు గురించి రాసే హక్కు సవర్ణ పిల్లలకి ‘క్రియేటివిటీ’, మన పిల్లలకి ‘పక్షపాతం’.

అయిదోది జడ్జీలు. వాళ్ల పేర్లు కాగితంలో చివర గౌరవంగా అచ్చవుతాయి. ఆ పేర్లు మనం కలం వాడకుండానే చదవగలం.

‘పిల్లల పోటీ గురించి ఇంత గొడవెందుకు’ అని కొందరు అడుగుతారు. న్యూస్‌రూమ్ ఎక్కడ మొదలవుతుందో వాళ్లకి తెలుసు కాబట్టే అడుగుతారని నా అనుమానం.

1996లో ఢిల్లీలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కెన్నెత్ కూపర్, ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలని సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ని అడిగాడు. కూపర్ నల్లజాతివాడు. ముప్పై ఏళ్ల వృత్తిలో తనకి ఒక్క దళిత విలేకరి కూడా తారసపడలేదని ఉనియాల్‌కి అప్పుడు తట్టింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది విలేకరుల జాబితా తిరగేశాడు. 454 మంది పేర్ల చివర అగ్రకులాల ఇంటిపేర్లు కనిపించాయి. మిగిలినవాళ్లలో నుంచి 47 మందికి ఫోన్ చేశాడు. ఒక్కరూ దళితులు కాదు. ఆ సంగతి పయనీర్ పత్రికలో రాశాడు.

పదేళ్ల తర్వాత 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కించారు. 71 శాతం అగ్రకుల హిందూ మగవాళ్లు. దళితులు, ఆదివాసులు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలుంటే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. దళితులు, ఆదివాసులు మళ్లీ సున్నా. ఇరవై మూడేళ్లలో ప్రభుత్వాలు మారాయి, టీవీ, ఇంటర్నెట్ విస్తరించాయి. సున్నా కదల్లేదు.

ఈ సున్నా ఉద్యోగ ప్రకటన రోజు పుట్టదు. తొమ్మిదో తరగతిలో పుడుతుంది. పోటీలో గెలిచిన పిల్లకి వారం రోజుల న్యూస్‌రూమ్. ఆ వారంలో పరిచయమైన ఎడిటర్ ఇచ్చే సిఫారసు ఉత్తరం. ఆ ఉత్తరంతో మంచి కాలేజీ, ఇంటర్న్‌షిప్. ఇరవై రెండేళ్లకి ఉద్యోగం. అప్పుడు అడుగుతారు, ‘మీవాళ్లు అప్లై చెయ్యరు, మేమేం చెయ్యం?’ అని. వాళ్ల అప్లికేషన్ తొమ్మిదో తరగతిలోనే తిరిగి వచ్చేసింది, ముద్ర పడకుండా.

అమెరికా సమాజం మనకన్నా మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక తేడా చూడండి. 1968లో కెర్నర్ కమిషన్, పత్రికలు దేశాన్ని తెల్లవాళ్ల కళ్లతో మాత్రమే చూస్తున్నాయని, నల్లజాతి విలేకరులు లేకపోవడం కూడా ఆ చీలికకి కారణమని తన నివేదికలో ఎత్తిచూపింది. ఆ ఏడాదే డౌజోన్స్ న్యూస్‌పేపర్ ఫండ్, మైనారిటీ హైస్కూల్ పిల్లల కోసం జర్నలిజం వర్క్‌షాపులు మొదలుపెట్టింది. 1978లో అక్కడి వార్తాపత్రికల సంపాదకుల సంఘం, 2000 నాటికి న్యూస్‌రూమ్‌లో జనాభాకి తగ్గ ప్రాతినిధ్యం సాధిస్తామని మాటిచ్చింది. సాధించలేదు. కానీ ఏటా లెక్క తీసింది, ఎంత ఓడిపోయిందో అచ్చు వేసింది. మన ఎడిటర్లు అలాంటి మాట ఇవ్వలేదు. కాబట్టి ఓడిపోలేదు కూడా. లెక్కే లేని చోట ఓటమి ఎక్కడిది?

తర్వాతి వాదన మెరిట్. పోటీ అంటే నాణ్యత, అందరికీ ఒకటే కొలత అంటారు. సరే, ఆ కొలతతోనే ఒక పాత వ్యాసాన్ని కొలుద్దాం.

1855లో పూణెలో జోతిరావు, సావిత్రిబాయి ఫూలేల బడిలో చదివిన ఒక మాంగు పిల్ల వ్యాసం రాసింది. మాంగులంటే మన మాదిగల లాంటి వాళ్లు. పేరు ముక్తా సాల్వే. వయసు దాదాపు పద్నాలుగు. మాంగు, మహర్ల దుఃఖం గురించి రాసింది. వేదాలు మాకు చదివే హక్కే లేకపోతే మా మతం ఏదని అడిగింది. తల మీద కప్పు లేక వానలో, చలిలో ప్రసవించే మా ఆడవాళ్ల నొప్పి ఎవరికి తెలుసని అడిగింది. పీష్వాల కాలంలో తనవాళ్లని ఎలా చంపారో రాసింది. ‘జ్ఞానోదయ’ పత్రిక ఆ వ్యాసాన్ని అచ్చు వేసింది. ఈ దేశంలో ఒక బడిపిల్ల రాసిన గొప్ప పాత్రికేయ రచన అది.

ఈనాటి కమిటీ ముందు పెట్టండి. ఇంగ్లిష్‌లో లేదు, కొట్టివేత. సానుకూల దృక్పథం లేదు, కొట్టివేత. పీష్వాల వివరణ తీసుకోలేదు, ఏకపక్షం, కొట్టివేత. మొదటి వడపోతలోనే ముక్తా సాల్వే ఓడిపోతుంది. గెలిచినవాళ్లెవరో మనకి తెలీదు. వాళ్ల వ్యాసం నూటడెబ్బై ఏళ్లు బతికి ఉండదని మాత్రం తెలుసు.

ముక్తాకి ఎంట్రీ ఫారం ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చింది ఒక బడి. ‘రాయి, నీ గురించే రాయి’ అన్న గురువులు. అక్కడా ఒక బడే, ఇక్కడా ఒక బడే. తేడా ఎక్కడుందో టీచర్లుగా ఉన్న మిత్రులు ఆలోచించుకోవాలి.

మన వైపు నుంచి వచ్చే వాదన కూడా ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే అది నేను గౌరవించే మిత్రుల మాట. ‘వాళ్ల పోటీ వాళ్లనే ఆడుకోనీ. వాళ్ల చేత మెడల్ వేయించుకోవడం దేనికి? మన పత్రిక మనం పెట్టుకుందాం.’ దీనికి చరిత్ర ఉంది. 1920 జనవరి 31న బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ పెట్టినప్పుడు, డబ్బిస్తామన్నా ‘కేసరి’ ప్రకటన వేసుకోలేదు. సాహూ మహారాజ్ 2500 రూపాయలు ఇచ్చారు, పత్రిక నడిచింది. తర్వాత ‘బహిష్కృత భారత్’, ‘జనతా’, ‘ప్రబుద్ధ భారత్’. ఇక్కడ బెంగాల్లో గురుచాంద్ ఠాకూర్ ఒడాకాందీలో నమశూద్రుల కోసం బడి పెట్టారు, పత్రిక కూడా పెట్టారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపారు. కారంచేడు తర్వాత బొజ్జా తారకం ‘నలుపు’ తెచ్చారు. 2002లో చిత్రకూట్‌లో బుందేలీలో మొదలైన ‘ఖబర్ లహరియా’లో దళిత ఆడవాళ్లు, కొందరు కొద్దిపాటి చదువుతోనే, విలేకరులయ్యారు. మన పత్రిక మనకి ఉండాలి. ఇందులో రెండో మాట లేదు.

కానీ ముక్తా వ్యాసం అచ్చయిన ‘జ్ఞానోదయ’ మన పత్రిక కాదు. అది మిషనరీల పత్రిక. మనోరంజన్ బ్యాపారి సంగతి చూడండి. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థిగా వచ్చిన నమశూద్రుడు, జైల్లో అక్షరాలు నేర్చుకున్నవాడు, జాదవ్‌పూర్‌లో రిక్షా లాగినవాడు. ఒకరోజు రిక్షా ఎక్కిన ఒక టీచరమ్మని ‘జిజీవిష’ అంటే ఏమిటని అడిగాడు. ఆవిడ మహాశ్వేతాదేవి. తను నడిపే ‘బర్తికా’ పత్రికకి రాయమంది. ఆ పత్రికలో కూలీలు, రైతులు, రిక్షావాళ్లు తమ బతుకు తామే రాశారు. బడి ముద్ర అడగలేదు, నిష్పాక్షికత అడగలేదు. ఆ రిక్షావాడే తర్వాత తన చండాల జీవితాన్ని పుస్తకంగా రాసి, 2018లో దాని ఇంగ్లిష్ అనువాదానికి హిందూ ప్రైజ్ అందుకున్నాడు. బ్యాపారి ఇంకొకరి పేజీలోకి వెళ్లాడు, తన మాట మార్చుకోకుండా వెళ్లాడు.

కాబట్టి నా మాట ఇది. పోటీలోకి వెళ్లాలి. వాళ్ల మెడల్ గొప్పదని కాదు. ఆ పోటీకి వాడే బడి, హాలు, ప్రకటన, ప్రభుత్వ గ్రాంటు, వాటిలో మన పన్ను ఉంది, మన చెమట ఉంది. ఆ వారం రోజుల న్యూస్‌రూమ్ కుర్చీ వాళ్ల తాతల ఆస్తి కాదు. బహిష్కరణ అనేది లోపలికి వెళ్లగలిగినవాడు చేస్తే నిరసన. వెళ్లనివ్వని వాడు చేస్తే అవతలివాడికి సౌకర్యం. మన పత్రిక మనం నడుపుతూనే వాళ్ల గుమ్మంలో నిలబడాలి. బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగడానికి వెళ్లింది మహద్‌లో వేరే నీళ్లు దొరక్క కాదు.

పోటీలు పెట్టేవాళ్లని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. విద్యార్థి నేరుగా పంపుకునే వీలుండాలి, బడి ముద్ర తప్పనిసరి కాకూడదు. మాధ్యమిక్ బోర్డు ప్రథమ భాషగా ఒప్పుకున్న ఏ భాషలోనైనా రాయనివ్వాలి. చేతిరాత ఒప్పుకోవాలి, రుసుము తీసేయాలి. మార్కులు దేనికెన్నో ముందే చెప్పాలి, అందులో ఇల్లిల్లూ తిరిగి సేకరించిన సమాచారానికి భాష కన్నా ఎక్కువ మార్కులుండాలి. జడ్జీల్లో దళిత, ఆదివాసీ, ముస్లిం, బీసీ జర్నలిస్టులు ఉండాలి. ఎన్ని ప్రభుత్వ బడుల నుంచి ఎంతమంది పంపారు, ఎంతమంది గెలిచారు, ఏటా అచ్చు వేయాలి. ఇందులో ఒక్కటి కూడా విప్లవం కాదు. వచ్చే ఏడాది కరపత్రంలో పది లైన్లు మారిస్తే సరిపోతుంది. పది లైన్లు మార్చడానికే ఇంత కష్టమైతే ఆ కష్టం దేనిదో పేరు పెట్టి పిలుద్దాం.

ఇది చదివే అధ్యాపక మిత్రులతో ఒక మాట. ఇలాంటి పోటీలకి జడ్జీలుగా పిలుపు మీకే వస్తుంది. శాలువా, పూలగుత్తి, మంచి టీ. ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నలు అడగండి. మీ సెమినార్లలో ప్రాతినిధ్యం మీద పేపర్ చదువుతారు కదా, ఆ పేపర్ని ఒక్కసారి తొమ్మిదో తరగతి పిల్లల ఎంట్రీల కట్ట మీద పెట్టి చూడండి. ఆ కట్టలో లేని ఊళ్లు ఏవో, లేని ఇంటిపేర్లు ఏవో చూడండి.

విద్యార్థి మిత్రులతో ఇంకో మాట. మీ బస్తీలో, మీ వాడలో హైస్కూల్ పిల్లలుంటారు. పోటీ కాగితం వాళ్లకి చేరేసరికి చివరి తేదీ దగ్గర పడుతుంది. ముందే చేర్చండి. పక్కన కూర్చోండి. వాళ్ల వాక్యాన్ని మీ వాక్యంగా మార్చకండి. నేను ఆ తప్పు కొంత చేశాను, అక్కడక్కడా నా పరిశోధన భాష ఆ పిల్ల నోట్లో పెట్టాను. తేదీలు సరిచూడటం నేర్పండి. పేరు రాసే ముందు ఆ మనిషిని అడగడం నేర్పండి. అవతలి ఆఫీసుకి వెళ్లి వాళ్లేమంటారో కూడా రాయడం నేర్పండి, ఎందుకంటే మన వార్తలో ఒక్క తప్పు దొరికితే చాలు, వార్తంతా అబద్ధం అనడానికి వాళ్లు సిద్ధంగా ఉంటారు. తిప్పి పంపితే కాపీ దాచండి, తిప్పి పంపిన తేదీ రాసి పెట్టండి. అది కూడా ఒక వార్తే.

టిటాగఢ్‌లో ఆ పిల్ల వార్త చివరికి ఏమైందంటే, మేము దాన్ని మొదట ఆమె రాసుకున్న తెలుగులోనే చార్టు మీద రాసి లైన్ చివర గోడకి అంటించాం. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చినవాళ్లు ఆగి చదివారు. చదవడం రానివాళ్లకి పిల్లలు చదివి వినిపించారు. వారంలో ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు వచ్చి, మా సంగతి కూడా రాయమని అడిగారు. ఆరు ఇళ్ల పట్టిక పది ఇళ్లదయింది. ఆ పది ఇళ్లవాళ్లూ కలిసి ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. ఏ జ్యూరీ ఇవ్వని బహుమతి అది. అయినా అది చాలని నేను చెప్పను. వాళ్లకి గోడ చాలు, మాకు పేజీ కావాలి అనే పంపకం ఇప్పటికే వేల ఏళ్లుగా నడిచింది.

ఈ ఏడాది పోటీ కాగితం మళ్లీ వచ్చింది. విషయం మారింది, నియమాలు మారలేదు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఈసారి బడికి ఇచ్చే ముందే ఒక కాపీ నేరుగా నిర్వాహకులకి పోస్టులో పంపుతానంది, రిజిస్టర్డ్ పోస్టులో. రసీదు దాచుకుంటానంది.

మనలాంటోళ్లకి కూడానా అని ఈసారి అడగలేదు.

జై భీమ్.